చెవి తగ్గించిన టైమరు

తైయా పిస్టల్ పేల్చింది ఒక్కసారే. టైమరు మాత్రం మూడు చూపించింది.

"ఇదీ పనికిరాదు," అని దాన్ని చెక్కబల్ల మీద పడేసింది.

తను కుయ్‌మన్న క్షణం నుంచి ప్రతి పేలుడునూ విని, ఎంతసేపట్లో కాల్చారో చూపించాలి టైమరు. నచ్చింది ఉంచుకోమని కొట్టువాడు ఇచ్చినవాటిలో ఒకటి, పక్క అరలో కాలుస్తున్న క్లబ్బు స్నేహితుడు ఆర్తో పేలుళ్లను కూడా ఆమె లెక్కలో వేస్తోంది. ఇంకోదానికి ఆమె పేల్చిందే వినపడడం లేదు. ఇక ఈ మూడోది గోడల మాట వింటోంది. షూటింగ్ క్లబ్బు సాధన చేసే చోటు కంకర తవ్వేసిన గుంత కదా, ప్రతి చప్పుడునూ తిప్పి కొడుతుంది.

ఆర్తో పగలబడి నవ్వాడు. "మా ఆవిడ నన్ను తిట్టేదీ ఇదే. తను చెప్పింది వినపడదట, పక్కింటి మాట మాత్రం ఇట్టే వినపడుతుందట."

"నోర్ముయ్. వసంతంలో ఫిన్లాండ్ జట్టుకి ఎంపికలున్నాయి. అసలు అప్పటికి ఈ గుంత మనకి మిగిలితేగా!"

గురువారం మున్సిపాలిటీలో గుంత అనుమతి పొడిగింపు మీద విచారణ ఉంది. సరస్సు చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లు చప్పుడు భరించలేకపోతున్నామని ఫిర్యాదు చేశారు. ఇది మూతపడితే తైయా సాధన చేసుకోవడానికి దగ్గరలో మరో చోటు లేదు. జట్టులో చోటు మాట ఇక మరిచిపోవాల్సిందే.

గేటు మీద 'ఇల్పో గుంత' అని ఒక చెక్కపలక ఉంది. ఇల్పో ఎవరో ఇప్పుడున్న క్లబ్బువాళ్లలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు.

ఆ ఆదివారం పలక కింద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

రబ్బరు బూట్లు, ఊలు టోపీ, చేతిలో నల్లటి చిన్న పెట్టె. తైయా పేల్చినప్పుడల్లా దాన్ని గుంతవైపు చాపి, తర్వాత కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"వచ్చాడమ్మా కొలతల మేస్త్రీ!" అన్నాడు ఆర్తో. "నిరుడు చప్పుడు కొలిచినవాడి చేతిలోనూ ఇలాంటిదే ఉంది. ఆ అంకెలు చూపించే కదా మన పరువు తీశారు."

తైయాకి ఒళ్లు మండింది. పిస్టల్ ఖాళీ చేసి ఒరలో పెట్టి, విసురుగా గేటు దగ్గరికి నడిచింది. చెవిమూతలు మాత్రం తీయలేదు.

"ఏం పెద్దాయనా, కొలతలు బాగా పడుతున్నాయా?"

ఆయన నవ్వి ఏదో అన్నాడు. 'గోడలు' అన్న మాటొక్కటే చెవిమూతల్లోంచి దూరింది.

"గోడలు కట్టుకోవాలా? మీరొచ్చి కడతారా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. చెవులవి తీయమని సైగ చేశాడు. పెట్టెను ఆమె ముందుకు చాపాడు.

"ఆ అంకెలు నాకెందుకు? పట్టుకెళ్లి మున్సిపాలిటీలో చూపించుకోండి. ఊళ్లో పనీపాటా లేని ముసలాళ్లందరికీ మేమే దొరికామా?"

వెనకనుంచి ఆర్తో అందుకున్నాడు. "ఇవి కూడా కొలుచుకో తాతా!" అంటూ పిస్టల్ మ్యాగజైన్‌లోని తూటాలన్నీ ఎదుటి మట్టికట్టలోకి దులిపేశాడు.

గుంత దద్దరిల్లింది. ముసలాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టెను కోటు జేబులో పెట్టుకుని, తలెత్తి ఒకసారి పలకవైపు చూసి వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది," అన్నాడు ఆర్తో. ఇద్దరూ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని తాగారు.

గురువారం మున్సిపాలిటీ హాల్లో కాఫీ, దాల్చినచెక్క బన్నులు పెట్టారు. కొందరు బన్ను నములుతూ మరీ గుంతను తిట్టిపోశారు.

అందరూ అయ్యాక అధ్యక్షురాలు కళ్లజోడు సరిచేసుకుంది.

"ఎప్పటిలాగే గుంతకు ఆనుకుని ఉన్న ఇంటాయన్ని అడుగుదాం. రీసనెన్ గారూ, అంత దగ్గరున్న మీకే లేని బాధ మిగతావాళ్లకేమిటని, ప్రతిసారీ మీ ఒక్కరి మాట మీదే అనుమతి ఇస్తూ వచ్చాం. ఈసారీ అదే మాటా?"

వెనక వరసలోంచి ముసలాయన లేచాడు. అవే రబ్బరు బూట్లు, ఇవాళ కడిగి వేసుకున్నాడు.

"మా అబ్బాయి పోయినప్పటినుంచీ, ఆ గుంతలో పేలుడు వినపడితే వాడింకా అక్కడే సాధన చేస్తున్నాడనుకునేవాణ్ణి. అది నాకెప్పుడూ చప్పుడులా అనిపించలేదు." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పోయిన ఆదివారం అనిపించింది."

అంతే చెప్పి కూర్చున్నాడు. అనుమతి పొడిగించలేదు.

తైయా బయట మెట్ల దగ్గర ఆయన్ని అందుకుంది.

"క్షమించండి. మీరు చప్పుడు కొలవడానికి వచ్చారనుకున్నాం."

ఆయన జేబులోంచి ఆ నల్ల పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది టైమరు. పాతది, అంచులు అరిగిపోయాయి. బ్యాటరీ మాత్రం కొత్తది.

"గోడలమీంచి తిరిగొచ్చే చప్పుడు ఇది పట్టించుకోదు. ఆ గుంతకి సరిపోయేలా మావాడు దీని చెవి తగ్గించి పెట్టుకున్నాడు. నువ్వు టైమర్లతో కుస్తీ పడుతుంటే మా పెరట్లోంచి చూశాను. పనిచేస్తోందో లేదో చూసి నీకిద్దామని తెచ్చాను ఆ రోజు. ఉంచుకో, నాకింక దీంతో పనిలేదు."

తైయాకి కావలసిన టైమరు దొరికింది, కాల్చుకోవడానికి చోటే పోయింది. ఎవరిమీద ఏడవాలో కూడా తెలియలేదు.

"మీ అబ్బాయి పేరు?" అని ఎలాగో అడిగింది.

"వారం వారం ఆ పేరు కిందనుంచే వెళ్లేదానివి కదమ్మా," అన్నాడు ముసలాయన మెట్లు దిగుతూ. "గేటు ఊడదీసేటప్పుడు ఆ పలక మాత్రం నాకిచ్చెయ్యండి."