క్లిప్పు మీద ఎర్ర మరక

"మళ్లీ అడుగుతున్నా ఖామ్‌ఫాన్ అన్నా. వాన పడ్డ రాత్రి ఈ క్లిప్పు వేలికి పెట్టుకునే పడుకున్నావా?"

"పెట్టుకోకపోతే పెట్టెలో గీతలెలా వచ్చాయి డాక్టరమ్మా?"

డాక్టర్ సుమాలీకి ఆ జవాబు నచ్చలేదు. అడిగినదానికి అవునని చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసేవాళ్లని ఆమె చాలామందిని చూసింది.

నిద్రలో ఊపిరి ఆగిపోవడం మీద పరిశోధనకని ఆమె థాయ్‌లాండ్ ఈశాన్యాన ఉన్న ఈసాన్‌లోని ఈ పల్లెకి వచ్చింది. కిందటేడు ఖామ్‌ఫాన్ తమ్ముడు రాత్రి నవ్వుతూ పడుకుని తెల్లారి లేవలేదు. జ్వరం కూడా ఎరగని మనిషి. అందుకే ఖామ్‌ఫాన్‌ని పరీక్షకి ముందుగా ఎంచుకుంది. నెత్తురులో ప్రాణవాయువు ఎంతుందో కనిపెట్టే క్లిప్పు, ఆ లెక్కని గీతలుగా రాసుకునే చిన్న పెట్టె ఇచ్చి వెళ్లింది. రాత్రంతా పెట్టుకోనివాడి పరీక్ష వంతు వరసలో వెనకున్నవాడికి పోతుందని అప్పుడే హెచ్చరించింది.

స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంటి కింద, నీడలో అతని భార్య బువలాయ్ రోట్లో పచ్చి బొప్పాయి దంచుతోంది. పక్కన నిప్పుల మీద, వెదురు పుల్లలకి గుచ్చిన కప్పలు చిటపటమంటున్నాయి.

"తొలివాన కప్పలు డాక్టరమ్మా, ఏడాదికోసారి దొరికే రుచి. తినకుండా వెళ్లొద్దు" అంది బువలాయ్. అన్న కాసేపటికే ఆమె తల ముందుకి వాలింది.

"ఇదిగో, రోట్లో పడతావు" అన్నాడు ఖామ్‌ఫాన్. "దీనికి రాత్రంతా నిద్రే, పగలూ నిద్రే. కొండచిలువ."

"తెల్లారి లేస్తే తల పగిలిపోతుంటే నువ్వు దంచి చూడు, తెలుస్తుంది" అని ఆమె మళ్లీ బండ అందుకుంది.

సుమాలీ పెట్టె అతని ముందుకి తిప్పింది.

"ఈ గీత చూడు. రాత్రంతా ఊపిరి ఆగుతూనే ఉంది. ఆగడం, ప్రాణవాయువు పడిపోవడం, ఉలిక్కిపడి మళ్లీ పీల్చడం. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి ఏదో ఒక రోజు నిద్ర లేవడు."

ఖామ్‌ఫాన్ మొహం పాలిపోయింది. అతను డాక్టర్ వైపు చూడలేదు, భార్య వైపు చూశాడు. దంచుడు ఆగిపోయింది.

"మందు లేదా?"

"ముక్కుకి పెట్టుకునే గాలి యంత్రం ఉంది. అది పెట్టుకుని పడుకుంటే ఏమీ కాదు. కానీ ముందు ఈ గీత నిజమో కాదో నాకు తేలాలి." ఆమె క్లిప్పు తెరిచింది. లోపలి రబ్బరు అంచున ఎర్రటి మరక. "ఇదేంటన్నా?"

ఖామ్‌ఫాన్ వంగి ఆ మరకని చూశాడు.

"నేను చెప్పనా? గోళ్ల రంగు. నిద్రలో మగవాళ్ల ప్రాణం తీయడానికి విధవ దయ్యం వస్తుందనీ, ఎర్ర గోళ్లు చూస్తే ఆడదనుకుని పోతుందనీ మీ ఊరి మగాళ్లంతా పూసుకుంటున్నారు. పొద్దున మీ ఊరిపెద్ద చేతులు చూశా, పెళ్లికూతురిలా ఉన్నాడు."

"కొట్లో ఆడవాళ్లకి సీసా మిగలడం లేదు" అని గొణిగింది బువలాయ్.

"గోళ్లు చూపించు."

ఖామ్‌ఫాన్ చేతులు చాపాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

సుమాలీ లేచి, స్తంభానికి వేలాడుతున్న అద్దం వెనక చెయ్యి పెట్టింది. ఎర్ర రంగు సీసా దొరికింది.

"ఇదెవరిది?"

బువలాయ్ నోరు తెరిచింది.

"నాదే" అన్నాడు ఖామ్‌ఫాన్ తొందరగా. "ఆ రాత్రి పూసుకున్నా, పొద్దున్నే గీకేసుకున్నా. దయ్యాలు లేవని నలుగురితో వాదించేవాణ్ని కదా, చెప్పుకోడానికి సిగ్గేసింది."

"రంగు ఉంటే ఈ క్లిప్పు తప్పు చూపిస్తుందని తెలీదా నీకు?"

"తప్పు చూపిస్తుందా?" అతనికి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. "అయితే ఆ గీతంతా అబద్ధమేనా?"

దొరికిపోయాక ఇంత సంతోషించిన అబద్ధాలకోరుని సుమాలీ ఎప్పుడూ చూడలేదు.

"రంగుంటే అంకె మొత్తంగా కిందికి దిగాలి. ఇలా పడుతూ లేస్తూ ఉండకూడదే" అంది తనలో తాను. తర్వాత పెట్టె సంచిలో పడేసింది. "బట్టలు సర్దుకో. ఆస్పత్రిలో నా కళ్లెదుట పడుకుందువుగాని."

మర్నాడు మధ్యాహ్నం పికప్‌లో ఖామ్‌ఫాన్‌ని ఆమే తీసుకొచ్చి దింపింది.

"చెరువు నీళ్లలా నిలకడగా ఉంది నీ గీత. హాయిగా పడుకో. పాతదాన్ని కొట్టేశా."

"అది రంగు చేసిన పనేనంటారా?"

"ఇంకేముంటుంది? మనిషివి నువ్వే, వేలు నీదే. మారింది రంగొక్కటే" అని నవ్వింది సుమాలీ. "ఇకమీదట దయ్యానికి భయపడు గానీ, నాకు అబద్ధం చెప్పకు."

అరిటాకులో చుట్టిన కప్పలు నాలుగు పుచ్చుకుని ఆమె వెళ్లిపోయింది. అనుమానం తీరిన మనిషిలా పికప్ వేగంగా మలుపు తిరిగింది.

ఖామ్‌ఫాన్ ఇంటి కిందికి వచ్చాడు. బువలాయ్ రోటి ముందే స్తంభానికి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గట్టిగా వస్తున్న గురక ఉన్నట్టుండి తెగిపోయింది. ఎంతకీ మళ్లీ మొదలవలేదు.

"కొండచిలువ" అని నవ్వుకుంటూ, ఆమె పిడికిట్లోంచి పచ్చడిబండని మెల్లగా విడిపించాడు. చూపుడువేలి గోటి మీద పెచ్చులూడిన ఎర్ర రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది.

వాన రాత్రి కప్పల వేటకి పోతూ అతను క్లిప్పు తగిలించింది ఆ వేలికే.