ఘుమఘుమ

వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. భార్య వచ్చేసింది. అతని చేయి ఇంకా స్లో కుక్కర్ మీదే ఉంది. కుక్కర్ చల్లగా ఉంది.

పొద్దున బీఫ్ ముక్కలూ బంగాళాదుంపలూ వేసి, ప్లగ్గు పెట్టి, సాయంత్రానికి మెల్లగా ఉడికిపోతుందని నాబ్ తిప్పాడు. గోడ మీద స్విచ్ వేయడం మర్చిపోయి పనికి వెళ్ళిపోయాడు.

ఆమె క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. ఇంట్లో ఎవరినీ గరిటె ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది మొన్న జ్వరం తగ్గిన దగ్గర్నుంచి, "వంట మీరే చేయండి, ఉప్పు కూడా మీరే చూసుకోండి" అంటోంది. తన వంట అంత నచ్చిందా అని అతను తెగ మురిసిపోయాడు.

ఇప్పుడు ఉతికి ఆరేస్తుంది. ముందే చెప్పేద్దామని హాల్లోకి వచ్చాడు.

ఆమె ఒక చెప్పు విప్పి, గట్టిగా ఊపిరి పీల్చింది.

"అబ్బ, ఏం ఘుమఘుమలండీ! మెట్ల దగ్గరికే వచ్చేస్తోంది వాసన."

వెక్కిరిస్తోందనుకున్నాడు. కానీ ఆమె మొహంలో వెక్కిరింత లేదు. సరిగ్గానే అన్నానా అన్నట్టు అతని కళ్ళలోకే చూస్తోంది.

"స్విచ్ వేయలేదే నేను," అన్నాడు మెల్లగా. "మాంసం పచ్చిగానే ఉంది."

ఆమె రెండో చెప్పు విప్పలేదు. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ ఇంతే. క్యాంటీన్‌లో ఎవరితోనూ అనకండి," అంది.