మడుగు దగ్గర లెక్క

ఆ అడవిలో ఉన్నది ఒకే ఒక్క మడుగు. ముందు ఎవరు తాగాలో తేల్చడానికి గుర్రం ఓ పద్ధతి పెట్టింది. ఎవరి ఒంట్లో క్రోమోజోములు ఎక్కువుంటే వాళ్లు ముందు. తనకి అరవై నాలుగు, గాడిదకి అరవై రెండు, జీబ్రాకి నలభై నాలుగేనని దానికి ముందే తెలుసు మరి!

"మనకి ముత్తాత ఇచ్చిన సరుకు ఒకటే కదా బావా! అదే గడ్డిని నువ్వు చిన్న మోపులు కట్టుకున్నావు, మావాళ్లు కలిపేసి పెద్ద మోపులు కట్టారు. దానికే ఇంత టెక్కా?" అంది జీబ్రా.

"లెక్కంటే లెక్కే. వెనక్కి పో!" అని కసిరి, గుర్రం నీళ్ల మీదికి వంగింది.

అంతలో నేల అదిరింది.

"నేనూ మీ దూరపు చుట్టాన్నే. నాకు ఎనభై రెండు," అంటూ ఖడ్గమృగం వచ్చి, కడుపారా తాగి, ఆనక మడుగులో పడి హాయిగా పొర్లింది.

మిగిలిన బురద చూసేసరికి గుర్రానికి ఏడుపొచ్చింది. "ఈ లెక్క అన్యాయం! రేపటినుంచి కాళ్లు లెక్కపెడదాం. అందరికీ నాలుగే, గొడవే ఉండదు," అని అరిచింది.

ఒడ్డున రాయి కిందనుంచి ఓ జెర్రి, కాళ్లన్నీ చకచకా ఆడిస్తూ బయటికొచ్చింది.

"అయితే కాస్త దారివ్వండి."