మాడు వాసన

కోడలు మెట్ల మీద కూర్చుని ఆల్‌బుకారా పళ్ళలోంచి గింజలు తీస్తోంది.

ఒళ్ళో గిన్నె, పక్కన బుట్ట, వేళ్ళ నిండా ఎర్రటి రసం.

మెట్ల కింద ఎక్కడో ఎలుక చచ్చిందని పొద్దుటి నుంచీ గగ్గోలుగా ఉంది. అటు వచ్చేవాళ్ళంతా ముక్కు మూసుకుని పరుగు తీస్తున్నారు.

"అంత కంపులో ఎలా కూర్చున్నావే తల్లీ! ముక్కు పుట్టింట్లో వదిలేసి వచ్చావా?" పైనుంచి అత్త అరిచింది.

కోడలు ఉలిక్కిపడి మోచేత్తో ముక్కు మూసుకుంది. "వచ్చేస్తున్నానత్తయ్యా, అయిపోయింది."

ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. కింది గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఆ కంపుతో తనకేమీ పని లేనట్టు, దగ్గుతాత ఆమెనే చూస్తున్నాడు.

ఆ పేరు అత్త పెట్టిందే. కొత్తగా అద్దెకు దిగిన మనిషి. దగ్గు తప్ప ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

కోడలు గబగబా గిన్నె తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆ మధ్య వచ్చిన జ్వరంతో ఆమెకు వాసన తెలియకుండా పోయింది. జ్వరం తగ్గింది కానీ ముక్కు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఓట్సూ పళ్ళూ కలిపి ఆమె కాల్చే బార్లు కాలేజీ క్యాంటీన్‌కి వెళ్తాయి. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో 'ఇది నాది' అని ఆమె చెప్పుకోగలిగింది అదొక్కటే. వాసన తెలియని మనిషి చేతి తిండి ఎవరు తింటారు? అత్తకు తెలిసిన మర్నాడే ఓవెన్ అటకెక్కుతుంది.

అసలు అత్తకు ఆ పని మొదటి నుంచీ ఇష్టం లేదు.

"బార్లు బార్లు అని వీధిలో అనకే. మనం సారా అమ్ముతున్నామనుకుంటారు," అంటుంది.

ఈ పనిలో గడియారాన్ని నమ్మడానికి లేదు. ఒక్కో కాలంలో ఒక్కో పండు, ఒక్కో పండులో నీరు ఒక్కోలా ఉంటుంది. ఆ నీరు ఇగిరి, ఓట్స్ కమ్మటి వాసన వేసిన క్షణాన ట్రే దించెయ్యాలి. పై రంగు చూసి మోసపోతే లోపల అడుగు చేదెక్కుతుంది.

ట్రే లోపల పెట్టి, ఆమె ఓవెన్ ముందు ఊపిరి బిగబట్టి నిలబడింది.

పెరట్లోంచి దగ్గుతాత కేక వినిపించింది. "ఏమ్మా! మాడు వాసన! ఇల్లంతా నిండిపోయింది!"

కోడలు గబుక్కున ఓవెన్ తలుపు తెరిచింది. ట్రే లాగేసింది.

మాడలేదు. చక్కగా, ఎక్కడ పడితే అక్కడ కోసి చూపించగలిగేంత చక్కగా కాలింది.

"ముక్కా అది? పోలీసు కుక్కకి కూడా అలాంటిది ఉండదు," అంది అత్త.

అప్పటి నుంచి ఓవెన్ వెలిగిస్తే చాలు, ఆ కేక. ఆల్‌బుకారాలు పోయి బేరిపళ్ళు వచ్చాయి. కేక మాత్రం తప్పలేదు.

"ఒక్కసారైనా మాడితేగా! ఏం మనిషమ్మా!" అని విసుక్కుంటూనే కోడలు ట్రే దించేది. క్యాంటీన్‌వాళ్ళు ఇంకా కావాలంటున్నారు.

ఒక మధ్యాహ్నం ఓవెన్‌లో ఒక ట్రే ఉండగా, రెండోదానికి పిండి కలుపుతూ కిటికీలోంచి చూసింది. పెరట్లో దగ్గుతాత మెడ పైకెత్తి, రెప్ప వెయ్యకుండా ఇటే చూస్తున్నాడు.

ఆమె పైట సర్దుకుని కిటికీ పక్కకు జరిగింది.

మర్నాడు మళ్ళీ అలాగే. ఆ మర్నాడు ఆమె అత్తకు చెప్పేసింది.

అత్త విసవిసా కిందికి దిగింది. "ఏమయ్యా, వయసొచ్చిన మనిషివి! మా వంటింటి వైపు ఏం చూస్తున్నావు గుడ్లప్పగించి?"

దగ్గుతాత ఏదో చెప్పబోయాడు. అత్త వెనక నిలబడ్డ కోడలిని చూసి ఆగిపోయాడు.

"చెప్పవేం? చెప్పడానికేమైనా ఉంటేగా!"

"తప్పయిపోయిందమ్మా. గది ఖాళీ చేస్తాను."

"చూశావా, తనే ఒప్పుకున్నాడు," అంది అత్త గెలిచినట్టు.

ఆదివారం ఆయన కూతురు వచ్చింది. సామాను ఆటోలో పెట్టించి, తాళంచెవి ఇవ్వడానికి పైకి వచ్చింది.

అత్త తాళంచెవి అందుకుంది. "మీ నాన్నకి కళ్ళూ ఎక్కువే, ముక్కూ ఎక్కువేనమ్మా. వాసన, వాసన అని రోజూ మా ప్రాణం తీశాడు."

"మా నాన్నా?" కూతురు తెల్లబోయింది. "ఆయనకి వాసనే తెలీదు పిన్నిగారూ. నా చిన్నప్పుడు ఆయనకి జ్వరమొచ్చి అది పోయింది. బేకరీలో పనిచేసినన్నాళ్ళూ బయటికొచ్చి, ఓవెన్ గొట్టంలోంచి ఆవిరి పల్చబడేదాకా చూసి, అప్పుడు పరిగెత్తి ట్రేలు దించేవాడు. తెలిస్తే పన్లోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు."

కోడలు ఓవెన్ వైపు చూసింది. దాని గొట్టం వంటింటి కిటికీ పక్కనే గోడలోంచి పెరట్లోకి పోతుంది.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. దగ్గుతాత ఎప్పుడొచ్చాడో, కూతురికి వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

అత్త కళ్ళు చిట్లించింది. "వాసనే తెలియని మనిషి మాడుతోందని మన మీద ఎందుకు అరిచినట్టు? ఏమే, నీకేమైనా తెలుసా?"

ఒక్క మాట చాలు, ఆయన మీది నింద పోతుంది, ఓవెన్ అటకెక్కుతుంది. ఆ మాట కోడలి గొంతుదాకా వచ్చింది.

"నాకేం తెలుసత్తయ్యా," అంది.

అదే సరైన జవాబన్నట్టు దగ్గుతాత ఆమెకేసి మెల్లగా తలూపి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.