చవకగా వచ్చిన రివాల్వరు

భాస్కరం,

చవకగా వచ్చిందన్నావు గానీ, ఆ రివాల్వరు నీకు చవకగా రాలేదు. పాతది కొనేటప్పుడు గొట్టాన్ని వెలుతురు కేసి పెట్టి లోపల చూడాలి, తూటాల చక్రం ఊగుతోందేమో తిప్పి చూడాలి. నువ్వు చూసింది అమ్మినవాడి మొహం. మా తమ్ముడు జగ్గారావు మొహం ఎప్పుడూ నిజాయితీగానే ఉంటుంది.

నువ్వు నా దగ్గర దాచి వెళ్ళాక పిడి తుడిచాను. పగులుని లక్కతో అతికించి ఉంది. నా ఎదుట కూర్చుని అతికించింది మీ తాతగారు.

ఆయన పోయాక, లైసెన్సు లేని ఇంట్లో ఎందుకని, దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించమని జగ్గారావు చేతికే ఇచ్చాను. “ఇచ్చేసేనక్కా, ఇంక నిశ్చింతగా ఉండు” అని, నాలుగు పెసరట్లు తిని మరీ వెళ్ళాడు.

వాణ్ణి ఇప్పుడే ఏమీ అనకు. వచ్చేటప్పుడు అమలాపురంలో గట్టి తాళంకప్ప ఒకటి కొనుక్కురా. నా నగల పెట్టె తాళంచెవి వాడి దగ్గరే ఉంది.

మీ నాయనమ్మ