బంతిమొక్క కింద ముద్ద

వానకాలువలో కొట్టుకుపోతున్న కుక్కపిల్లను సుభద్రమ్మ ఎత్తుకొచ్చి పెరట్లో వదిలి వారమైంది. అది పెట్టిన ముద్దలో సగమే తిని, మిగతా సగం బంతిమొక్క కింద పాతేది. పడుకున్నా మొహం గేటు వైపే.

గంపలో గుడ్లు పొదుగుతున్న బొల్లికోడికి ఆ తవ్వుడు చూసి ఒళ్లు మండింది.

"ఏరా, ఇక్కడ నీ ముద్ద ఎవరు లాక్కుంటున్నారు?"

"ఎవరూ లాక్కోవట్లేదత్తా. నన్ను ఇక్కణ్నించి తరిమేసే రోజున దారిలో తినడానికి."

కోడి కాస్త జరిగి రెక్క ఎత్తింది. కుక్కపిల్ల ముడుచుకుని లోపలికి దూరింది. బయట తుంపర మొదలైంది. రెక్క కింద గుడ్లలోనూ పక్కనా చిన్న చిన్న గుండెలు టకటకా కొట్టుకుంటుంటే, వాటిలో కుక్కపిల్లది ఏదో కోడికి తెలియలేదు. అలాగే కోడికీ కునుకు పట్టింది.

గుడ్లు పిల్లలై పెరడంతా తిరుగుతున్న ఒక మధ్యాహ్నం కోడి అడిగింది.

"ఏరా, ఈ పూట ముద్ద పాతావా?"

ఎండలో వెల్లకిలా పడుకున్న కుక్కపిల్ల బద్ధకంగా ఆవలించింది.

"మర్చిపోయి మొత్తం తినేశానత్తా."

కోడి గేటు వైపు చూసింది. అది బార్లా తెరిచే ఉంది. కుక్కపిల్ల మాత్రం అటు చూడకుండానే మళ్లీ నిద్రపోయింది.