చప్పుడు లేని చక్రాలు

“స్పోకులే ఉంచండి,” అంది మాస్టారి భార్య. ఆ మాట అనడం ఇది మూడోసారి.

మెకానిక్ తల గోక్కున్నాడు. ఎదురుగా స్టాండు మీద మాస్టారి బైకు ఉంది. విప్పిన ముందు చక్రం గోడకు ఆనించి ఉంది. గోతిలో పడి దాని రిమ్ము వంగింది, నాలుగు స్పోకులు విరిగాయి.

“బెండు తీసి, విరిగినవి మార్చి ఇస్తానమ్మా, కాదనను. కానీ ఇవి ముసలి స్పోకులు. ఎన్నిసార్లు బిగించినా వారం తిరిగేసరికి మళ్ళీ టిక్కుటిక్కుమంటాయి. అదే అల్లాయ్ అనుకోండి, చక్రం మొత్తం ఒకటే ముక్క. బిగించే పని లేదు, తుప్పు పట్టదు, దానికి ట్యూబు లేని టైరు వేస్తాం కాబట్టి పంక్చరైనా ఇంటిదాకా తోసుకుపోనక్కర్లేదు.”

“తుప్పు నేను తుడుస్తాను. నాకు అలవాటే. గోతుల రోడ్డుకి స్పోకులే మంచివట కదా, వంగుతాయి గానీ విరగవట.”

“విరిగినవి నాలుగు మీ కళ్ళముందే ఉన్నాయి కదమ్మా.”

కౌంటరు వెనక స్పేర్ పార్టులు అమ్ముతున్న మెకానిక్ భార్య కిసుక్కున నవ్వింది. స్టూలు మీద పేపరు చదువుకుంటున్న మాస్టారూ నవ్వారు. ఆయన బడిలో లెక్కలు చెప్తారు. మెకానిక్ కొడుకు లెక్కల్లో గట్టెక్కింది ఆయన చలవే. బడిలో గానీ బజారులో గానీ ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

“బండి నాదే గానీ కడిగేది తను. తన ఇష్టమే కానివ్వు. స్పోకులే వేసెయ్,” అన్నారాయన పేపరులోంచి తల ఎత్తకుండానే.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మెకానిక్ గొణుక్కుంటూ స్పానరు అందుకున్నాడు. విషయం అక్కడితో తెమిలిపోయేదే. కానీ మెకానిక్ భార్యకు ఏదీ సగంలో వదిలే అలవాటు లేదు.

“అది సరేగానీ అమ్మాయ్, ఆ పాత ఇనుము మీద నీకంత ప్రేమేమిటి?”

“ఏం లేదండీ. ఊరికే.”

“చప్పుడు కోసం,” అంది పాప.

టైర్ల దొంతర మీద కూర్చున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్ల షాపుకి వచ్చాక నోరు తెరవడం అదే మొదలు. పెద్దవాళ్ళకు తెలియని జవాబు తనకు తెలిసినందుకు దాని ముఖం వెలిగిపోతోంది.

“ఏం చప్పుడే తల్లీ?”

“మా వీధి పల్లం కదా. నాన్న మలుపులోనే ఇంజను ఆపేస్తాడు. బండి దానంతటదే జారుకుంటూ వస్తుంది. అప్పుడు స్పోకులు టిక్కుటిక్కుమంటాయి. అవి వినగానే నాన్న వస్తున్నాడని అమ్మకీ నాకూ తెలిసిపోతుంది. నేను ముప్పై లెక్కపెట్టేసరికి నాన్న గుమ్మంలో ఉంటాడు.”

“లెక్కల మాస్టారి కూతురంటే అదీ,” అన్నాడు మెకానిక్.

అతని భార్య బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుడి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటావన్నమాట. మా ఆయన వస్తే నేను టీవీ మీంచి చూపు కూడా తిప్పను.”

మాస్టారి భార్య తల ఎత్తలేదు. పాప చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“అబ్బో, ఎంత సిగ్గో,” అంది మెకానిక్ భార్య.

మాస్టారు పేపరు మడిచారు. చిక్కు లెక్క చేసి చూపించిన పిల్లను చూసినట్టు భార్యవైపు కాసేపు చూశారు. లేచి వచ్చి పాప తల నిమిరారు.

“ఇన్నాళ్ళూ నాకీ సంగతి తెలియనేలేదు,” అన్నారు మెత్తగా. “రెండు చక్రాలకీ అల్లాయే వేసెయ్యవయ్యా.”

“అదేంటి మాస్టారూ, ఆవిడ అంత ముచ్చటపడుతుంటే?”

“చెప్పాపెట్టకుండా వచ్చి ఎదురుగా నిలబడితే ఇంకా ముచ్చటగా ఉంటుంది కదా.”

అందరూ నవ్వారు.

“ఏమండీ, పాతవే ఉండనివ్వండి.” ఆమె చేతులు జోడించినంత పని చేసింది. “మీరేం చెప్తే అది చేస్తాను. ఇదొక్కటీ ఉండనివ్వండి.”

మెకానిక్ భార్యకు జాలేసింది. “పిచ్చిదానా, చప్పుడు పోతే మొగుడు పోతాడా?” అంటూ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

రెండు గంటల్లో పని అయిపోయింది. మాస్టారు ఒక చుట్టు తిరిగి వచ్చి, షాపుకి కాస్త దూరంలోనే ఇంజను ఆపి, భార్య వెనకగా బండిని జారనిచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆమె ఉలిక్కిపడింది. చేతిలో టీ గ్లాసు కింద పడింది.

“చూశారా, చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు,” అన్నాడు మెకానిక్ గర్వంగా.

మర్నాడు మధ్యాహ్నం బడి వదిలిన దగ్గర్నుంచే ఆమెకు ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. ట్యూషన్లను బట్టి మాస్టారు ఒకరోజు నాలుగింటికి వస్తారు, ఒకరోజు ఏడింటికి. ఆమె పొయ్యి ఆర్పింది. కుళాయి గట్టిగా బిగించింది. ఫ్యాను కూడా కట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడి వీధివైపు చెవి పెట్టింది.

ముందుగదిలో పాప హోంవర్కు ఆపి తల ఎత్తింది.

“వినిపిస్తోందా అమ్మా?”

“లేదురా.”

“నాకూ లేదు. నేనలా చెప్పకుండా ఉండాల్సింది కదూ?”

“నీ తప్పేం లేదు.”

ఆమెకు పిల్ల మీద కోపం రాలేదు. తెలిసిన సంగతి నలుగురిలో చెప్పాలనిపించడం ఏం తప్పు? ఆ పాత చప్పుడు గుర్తొచ్చి ఏడుపు మాత్రం వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెవి పెట్టింది. వీధిలో ఎవరో పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. అంతకు మించి ఏమీ లేదు.

వీధి తలుపు తెరుచుకుంది. మాస్టారు నవ్వుతూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

పాపను దాచడానికి ఆమెకు ఈసారి వ్యవధి దొరకలేదు.